సాంకేతిక కారణాలు

2024 అక్టోబర్ 12, దసరా. ఆ రాత్రి నిమ్స్‌లో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చనిపోయారన్న వార్త మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి, అందులో అప్పటిదాకా జమ్మి ఆకుల ఫొటోలు, పిండివంటల ఫొటోలు నడుస్తున్నాయి. ఎవరో "పాపం" అన్నారు. ఇంకెవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మూడోవాడు, నాకు బాగా కావలసినవాడే, ఇలా రాశాడు: "పాపం సరే గానీ, నిర్దోషి అని తేలిందేం లేదురా. టెక్నికల్ గ్రౌండ్స్ మీద వదిలేశారంతే." దాని కింద నాలుగు బొటనవేళ్ళు. తర్వాత మళ్ళీ జమ్మి ఆకులు.

నేనేం రాయలేదు. పండగపూట గొడవెందుకని ఫోన్ పక్కన పెట్టేశాను. ఈ వ్యాసం ఆ రాత్రి రాయాల్సిన జవాబు. ఆలస్యంగా రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వాస్తవం. మావాడు చెప్పింది తప్పు. సాయిబాబాని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఒకసారి కాదు, రెండుసార్లు విడుదల చేసింది. మొదటిసారి 2022 అక్టోబర్ 14న. కేసు నడపడానికి ఉపా చట్టం ప్రకారం ముందే ఉండాల్సిన ప్రభుత్వ అనుమతి సాయిబాబా విషయంలో విచారణ మొదలయ్యాక వచ్చిందనీ, మిగతావాళ్ళ విషయంలో ఆ అనుమతికి ఆధారమైన సమీక్ష తూతూమంత్రంగా జరిగిందనీ ఆ తీర్పు. మర్నాడు శనివారం. సుప్రీంకోర్టు సెలవురోజున ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. 2023 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసి, మళ్ళీ మొదట్నుంచీ వినమని వెనక్కి పంపింది. అదే హైకోర్టులో వేరే ఇద్దరు న్యాయమూర్తులు విన్నారు. ఈసారి అనుమతుల దగ్గర ఆగలేదు, సాక్ష్యాలన్నీ చూశారు. 2024 మార్చి 5న మళ్ళీ అదే మాట చెప్పారు: నేరం రుజువు కాలేదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని చట్టం చెప్పిన పద్ధతిలో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నారు. నక్సలైటు సాహిత్యాన్ని ఇంటర్నెట్‌లోంచి దింపుకుని దగ్గర పెట్టుకున్నంత మాత్రాన ఉపా కింద నేరం కాదని కూడా అన్నారు.

కాబట్టి "టెక్నికల్ గ్రౌండ్స్" మీద ఇచ్చింది మొదటి తీర్పు. అది బతికింది ఒక్కరోజు. సాయిబాబా బయటికొచ్చింది రెండో తీర్పు మీద. ఇది నాలుగు నిమిషాలు వెతికితే దొరికే విషయం. మావాడు ఫోన్ కొనేముందు నాలుగు రోజులు వెతుకుతాడు.

కానీ నా గొడవ ఆ తప్పుతో కాదు. వాడు చెప్పిందే నిజమనుకుందాం. అనుమతి సరిగ్గా లేదన్న కారణంతోనే వదిలేశారనుకుందాం. అయినా ఆ "అంతే" అన్న మాట నన్ను వదల్లేదు. గ్రూపులో ఉన్న అరవైమందిమీ ఇంజనీర్లమే. పొద్దున లేస్తే మా బతుకే టెక్నికల్. మా ఆఫీసులో నేను రాసిన నాలుగు లైన్ల కోడ్ జనం వాడే సిస్టమ్‌లోకి వెళ్ళాలంటే ఇంకొకరు చదవాలి, టెస్టులు దాటాలి, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో రికార్డుండాలి. ఇవేవీ లేకుండా ఎవడైనా కోడ్ లోపలికి తోశాడనుకోండి, అది బాగానే పనిచేస్తున్నా సరే, వాణ్ణి కూర్చోబెట్టి క్లాసు పీకుతాం. "కోడ్ కరెక్టే కదా, రివ్యూ లేకపోవడం టెక్నికల్ విషయం అంతే" అని వాడంటే నవ్వుతాం. మా కోడ్ తప్పయితే మహా అయితే ఒక బటన్ పనిచెయ్యదు. అక్కడ పోయేది మనిషి ఆయుష్షు. బటన్‌కి ఇచ్చిన విలువ మనిషికి ఇవ్వకపోవడం మా వృత్తిలో ఎక్కడ నేర్చుకున్నాం?

ఉపాలో ఆ అనుమతి నిబంధన ఎందుకుందో చూడండి. మామూలు నేరాల్లో బెయిలు ఇవ్వడం రివాజు, జైలు మినహాయింపు అంటారు. ఉపాలో ఇది తలకిందులు. 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజంలా కనబడితే చాలు, బెయిలు ఇవ్వకూడదు. చార్జిషీటు వెయ్యడానికి పోలీసులకు 180 రోజుల దాకా గడువుంటుంది. ఇంత కోరలున్న చట్టాన్ని పోలీసుల చేతికిచ్చేముందు, సాక్ష్యాన్ని విడిగా ఇంకెవరైనా చూడాలన్న ఉద్దేశంతో 2008 సవరణలో స్వతంత్ర సమీక్ష పెట్టారు. ఆ సమీక్షకు ఏడు పనిదినాలు, ఆ తర్వాత అనుమతికి ఇంకో ఏడు అని నియమాలు కూడా రాశారు. ఈ చట్టంలో నిందితుడి పక్షాన ఉన్న తలుపు దాదాపు అదొక్కటే. దాన్ని "సాంకేతికం" అని తీసిపారేస్తే ఇక మిగిలేది చట్టం కాదు, ఉత్త కోరలే.

*

ఇప్పుడు నాకు నిజంగా తెలిసిన విషయంలోకి వస్తాను. కంప్యూటర్లు.

ఒక ఫైలుని హాష్ ఫంక్షన్ అనే లెక్కలోకి పంపితే ఒక పొడవాటి సంఖ్య వస్తుంది. అది ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క కామా మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. ఒక మనిషి ఇంట్లో హార్డ్ డిస్క్ స్వాధీనం చేసుకుంటే, అక్కడే, ఆ మనిషి ఎదుటే ఈ సంఖ్య తీసి కాగితం మీద రాసి, ఒక నకలు ఆ మనిషి చేతికివ్వాలి. అప్పుడు రేపు కోర్టులో తెరిచింది, ఆవేళ ఇంట్లోంచి తీసుకెళ్ళింది ఒకటేనని ఎవరైనా చూసుకోవచ్చు. అది లేకపోతే డిస్కు పోలీస్ స్టేషన్లో గడిపిన ప్రతి గంటా అనుమానించాల్సిన గంటే. ఇది పోలీసుల మీద నిందేమీ కాదు. మా కంపెనీల్లో మమ్మల్ని కూడా ఎవరూ ఇలాగే నమ్మరు, నమ్మనక్కర్లేకుండా పని జరిగేలా పద్ధతులు పెట్టుకుంటారు.

సాయిబాబా ఇంటి సోదా 2013 సెప్టెంబర్‌లో, ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో జరిగింది. చుట్టూ ప్రొఫెసర్లు, విద్యార్థులు. అంత చదువుకున్న జనం మధ్యలోకి పంచనామా సాక్షిగా పోలీసులు తెచ్చుకుంది చదువురాని ఒక మనిషిని. హైకోర్టు దీన్ని గట్టిగానే పట్టుకుంది. ఆ సాక్షిని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవుల జాబితా మీద సంతకానికి, ఆ జాబితా చదవలేని మనిషిని వెతికి పట్టుకురావడం తొందరలో జరిగే పొరపాటేనా?

ఇంకో కేసు. భీమా కోరేగావ్. ఇందులో మన వరవరరావు ఒక నిందితుడు. అసలు కేసుకి మూలస్తంభం రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికిన ఉత్తరాలు. డిఫెన్సు వాళ్ళు ఆ డిస్కు నకలుని అమెరికాలో ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థకి ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో దాని నివేదిక బయటికొచ్చింది. నేను దాన్ని మామూలు పాఠకుడిలా కాదు, ఆఫీసులో ఏదైనా ప్రమాదం జరిగితే రాసే రిపోర్టు చదివినట్టు చదివాను. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతాని ఎవరో వాడి, విల్సన్‌కి ఒక ఫైలు పంపి, తెరవమని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆయన తెరిచారు. దాంతో నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం లోపలికొచ్చింది. ఆ తర్వాత దాదాపు 22 నెలలు ఆ లాప్‌టాప్ బయటివాడి చేతిలో ఉంది. ముఖ్యమైన ఉత్తరాలు ఒక దాచిన ఫోల్డర్లో పడ్డాయి. వాటిని ఆ లాప్‌టాప్‌లో ఎప్పుడైనా తెరిచినట్టు ఆనవాలు లేదు. కొన్ని పీడీఎఫ్‌లు తయారైంది వర్డ్ 2010తోనో 2013తోనో. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది వర్డ్ 2007.

ఆ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. దానికి రాజకీయం లేదు. దాన్ని అర్థం చేసుకోడానికి మార్క్సూ అక్కర్లేదు, మావో అక్కర్లేదు. మా గ్రూపులో అరవైమందికీ అర్థమయ్యే వాక్యం. ఆ అరవైమందిలో ఒక్కరు కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నాతో సహా.

మరి ఎన్.ఐ.ఏ. ఈ నివేదికను ఒప్పుకోదు. సరే, డిఫెన్సు అడిగి చేయించుకున్న నివేదిక, ఒప్పుకోనక్కర్లేదు. పరీక్షిద్దాం. ఎప్పుడు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2019లో జహూర్ వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఉపా కేసుల్లో బెయిలు దశలో సాక్ష్యాల లోతుల్లోకి, అవి చెల్లుతాయా లేదా అన్న చర్చలోకి వెళ్ళకూడదు. అంటే ఫైలు నిజమో కాదో తేలేది విచారణలో. విచారణ ఎప్పుడో ఎవరికీ తెలీదు. అప్పటిదాకా ఫైలు నిజమే అన్న లెక్కన మనిషి లోపల ఉంటాడు. మా భాషలో చెప్పాలంటే, టెస్ట్ చెయ్యని సాఫ్ట్‌వేర్ని ముందు మనిషి మీద రన్ చేస్తాం, టెస్టింగ్ పదేళ్ళ తర్వాత. 2021లో నజీబ్ కేసులో, 2023లో వెర్నన్ గొన్సాల్వెజ్, అరుణ్ ఫెరేరాల కేసులో సుప్రీంకోర్టే ఈ ముడిని కొంచెం వదులు చేసింది, నిజమే. కానీ వాళ్ళిద్దరికీ ఆ వదులు అందేసరికి అయిదేళ్ళు గడిచాయి. ఈ కేసులోనే స్టాన్ స్వామికి అసలు అందలేదు. పార్కిన్సన్స్ వ్యాధితో చేతులు వణుకుతూ, నీళ్ళు తాగడానికి స్ట్రా ఇప్పించమని కోర్టుని అడగాల్సొచ్చిన ఆ 84 ఏళ్ళ పెద్దాయన 2021 జూలై 5న నిందితుడిగానే పోయాడు.

2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో హోంశాఖ సహాయమంత్రి, మన తెలుగాయనే, కిషన్ రెడ్డి లెక్క చెప్పారు. 2016 నుంచి 2019 దాకా ఉపా కింద అరెస్టయింది 5,922 మంది, శిక్షపడింది 132 మందికి. ఆ 132 మంది ఆ 5,922 లోపలివాళ్ళే కానక్కర్లేదు, కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి కాబట్టి. ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. ఎంత జాగ్రత్తగా చదివినా ఈ అంకెలు చెప్పేది ఒకటే: ఈ చట్టంలో శిక్ష తీర్పుతో రాదు, అరెస్టుతో వస్తుంది.

*

ఇక సాహితీమిత్రుల వంతు. వాట్సాప్ మిత్రుల్ని అనడం తేలిక, వాళ్ళు ఈ పత్రిక చదవరు. మీరు చదువుతారు.

మనలో చాలామందికి ఒక మాట అలవాటైంది. "చట్టం తన పని తాను చేసుకుపోతుంది." దానికి జోడీగా ఇంకోటి, "సాహిత్యం వేరు, రాజకీయం వేరు." తెలుగు సాహిత్యం తెలిసినవాళ్ళు ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎలా అంటారో నాకర్థం కాదు. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. నిందితుల్లో వరవరరావు, చెరబండరాజు, కె.వి. రమణారెడ్డి, ఎం.టి. ఖాన్. కవులు, రచయితలు. ఆ కేసు 1989లో కొట్టేశారు. పదిహేనేళ్ళు. 1986లో రాంనగర్ కుట్ర కేసు పెట్టారు. అది 2003లో కొట్టేశారు. పదిహేడేళ్ళు. చట్టం తన పని తాను చేసుకుపోయిన తీరిది. చెరబండరాజు 1982లోనే పోయాడు. తాను నిర్దోషినన్న మాట ఆయన చెవిన పడనే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటాం. ఇక్కడ మనిషి కాలాక ఆకులు తెచ్చారు.

2018 ఆగస్టు 28న వరవరరావుని అరెస్టు చేసిన రోజే, హైదరాబాదులో ఇఫ్లూలో పాఠాలు చెప్పే ఆయన అల్లుడి ఇంట్లోనూ సోదా జరిగింది. ఆయన నిందితుడు కాదు. ఇన్ని పుస్తకాలెందుకు చదువుతున్నారు, దేవుళ్ళ పటాలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ల పటాలెందుకు పెట్టుకున్నారు అని పోలీసులు అడిగారని ఆయన పత్రికలకి చెప్పారు. భార్యని బొట్టు గురించి, నగల గురించి అడిగారట. మీ ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయి? మీ గోడ మీద ఎవరి పటముంది? దళిత సాహిత్యం మీద, స్త్రీవాదం మీద సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడే మనం, ఆ రెండు ప్రశ్నలు కులం గురించీ, ఆడమనిషి గురించీ వేసినవని ఆవేళ ఎంతమందిమి గట్టిగా అన్నాం?

"మరి మావోయిస్టులు చంపిన వాళ్ళ సంగతో?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి వాళ్ళు పేద ఆదివాసుల్ని చంపారు. దాన్ని విప్లవం పేరుతో సమర్థించే వాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ చావుల గురించి నోరు మెదపని హక్కులవాళ్ళతోనూ ఉంది. తనవాడికి మాత్రమే హక్కులడిగేవాడు హక్కులు అడుగుతున్నట్టు కాదు, రాయితీ అడుగుతున్నట్టు. కానీ ఈ ప్రశ్నని సాయిబాబా కేసులోకి తెచ్చేవాళ్ళు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ హత్యల్లో దేనికైనా ఆయనకి సంబంధముందని చూపించాలి. పదేళ్ళు టైమిచ్చినా రాజ్యం చూపించలేకపోయింది. హంతకుణ్ణి పట్టుకోలేక, దొరికినవాణ్ణి కూర్చోబెడితే చనిపోయిన ఆదివాసికి న్యాయం జరిగినట్టా? ఆ ఆదివాసి పేరు కూడా మనకి గుర్తుండదు. వాదనలో గెలవడానికి మాత్రం కావాలి.

ఆదివాసి పేరు అన్నాను కాబట్టి ఒక పేరు చెప్తాను. పాండు నరోటే. గడ్చిరోలి జిల్లా ఆదివాసి. సాయిబాబాతో పాటు ఇదే కేసులో యావజ్జీవం పడినవాడు. 2022 ఆగస్టులో నాగపూర్ జైలులో ఉండగా జబ్బు చేసి చనిపోయాడు. హైకోర్టు మొదటిసారి అందర్నీ విడుదల చేసింది అక్టోబర్‌లో. రెండు నెలలు కూడా తేడా లేదు. సాయిబాబాకి కవిత్వముంది, ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాల పుస్తకముంది, ఢిల్లీలో స్నేహితులున్నారు, మనలాంటి పాఠకులున్నారు. పాండు నరోటేకి అవేం లేవు. మనం స్మారక సభల్లో చదివే కవితల్లో అతను ఎక్కడున్నాడు? ఉపా కింద లోపలున్నవాళ్ళు ఎక్కువమంది ఇలాంటివాళ్ళే, ఎవరూ సంతకాలు సేకరించని వాళ్ళు. ఈ ప్రశ్న నన్ను నేను కూడా వేసుకుంటున్నాను, ఎందుకంటే ఈ వ్యాసం కూడా సాయిబాబా పేరుతోనే మొదలుపెట్టాను.

*

చివరిగా, "ఎంతైనా కోర్టు వదిలేసింది కదా, వ్యవస్థ పనిచేసినట్టే కదా" అనేవాళ్ళకి.

అయిదేళ్ళ వయసులో పోలియో వచ్చిన మనిషి. అమలాపురం దగ్గర్నుంచి ఢిల్లీదాకా వెళ్ళి ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు. 90 శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. 2014 మేలో అరెస్టయ్యాడు, మధ్యలో కొన్నాళ్ళు బెయిలు మీద ఉన్నాడు, 2017 మార్చిలో యావజ్జీవం పడ్డాక ఏడేళ్ళు ఏకబిగిన నాగపూర్ జైలులో అండా సెల్‌లో. 2020 ఆగస్టులో తల్లి క్యాన్సర్‌తో పోతే ఆఖరి చూపుకి పెరోల్ ఇవ్వలేదు. 2021లో కాలేజీ ఉద్యోగం పోయింది. 2024 మార్చి 7న బయటికొచ్చాడు. అక్టోబర్ 12న, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇబ్బందులతో చనిపోయాడు. 57 ఏళ్ళు. బయట బతికింది ఏడు నెలలు. కళ్ళు ఎల్.వి. ప్రసాద్‌కి, ఒళ్ళు గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. ఆ కుటుంబానికి రాజ్యం బాకీపడింది ఒక్క రూపాయి కాదు కదా, ఒక్క మాట కూడా చెల్లించలేదు. విడుదల తీర్పుని ఆపడానికి శనివారం దొరికింది. ఆ పదేళ్ళ గురించి మాట్లాడటానికి ఇప్పటిదాకా ఏ వారమూ దొరకలేదు.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కాదు. ఎవరి కంప్యూటరైనా పట్టుకుపోతే అక్కడికక్కడే హాష్ తీసి, డిస్కు నకలుతో సహా ఆ మనిషికివ్వాలి. హాష్ ఒక్కటీ చాలదు. స్వాధీనానికి ముందే లోపల పెట్టేసిన ఫైలుని అది పట్టుకోలేదు, విల్సన్ లాప్‌టాప్ చెప్పే పాఠం అదే. అందుకని పోలీసుల చేతి కింద లేని ఫోరెన్సిక్ లాబ్ కావాలి. ఫైలు నకిలీదని నిపుణుల నివేదిక వస్తే దాన్ని బెయిలు దశలోనే వినాలి. నిర్దోషిగా తేలినవాడికి పోయిన ఏళ్ళకి పరిహారం హక్కుగా రావాలి, దయగా కాదు. ఇవన్నీ సాంకేతిక విషయాలే. అందుకే వీటిని అడగాల్సింది ముందు మావాళ్ళు, ఇంజనీర్లు. వీటి అర్థం మిగతావాళ్ళకి తెలీకపోవచ్చు, మాకు తెలుసు. తెలిసి ఊరుకోవడం వేరు.

మొన్న దసరాకి ఆ గ్రూపులో మళ్ళీ జమ్మి ఆకులొచ్చాయి. నేను రెండో తీర్పు తేదీ, అందులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన సంగతి రెండు ముక్కల్లో రాసి, వర్డ్ 2007 సంగతి కూడా కలిపి పెట్టాను. ఒకడు "పండగపూట ఎందుకురా" అన్నాడు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. "టెక్నికల్ గ్రౌండ్స్" అన్నవాడు మాత్రం రాత్రి పదకొండింటికి విడిగా ఫోన్ చేసి, ఆ ఆర్సెనల్ రిపోర్టు లింకు అడిగాడు. పంపాను. ఇంకా ఏమీ అనలేదు. చదువుతున్నాడనుకుంటున్నాను.